మా మొదటి కారు - మోటారు పాకలో మిగిలిన వెనక సీటు

ఈసారి పంటల సంగతి కాకుండా కారు సంగతి రాస్తున్నా. కొంచెం పొడుగైంది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా పొలంలో మోటారు పాక ఉంది. అందులో ఒక పాత సీటు ఉంది. ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు, ఒకరైతే కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. పైన రెక్సిన్ చిరిగిపోయి, లోపలి స్ప్రింగులు కనపడుతుంటాయి. వాటి మీద గోనె సంచి పరిచాం. మొన్న మా తమ్ముడి కొడుకు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, దాని మీద కూర్చుని "పెదనాన్నా, ఈ సోఫా ఎక్కడిది?" అన్నాడు. సోఫా కాదురా, నా మొదటి కారు అన్నాను. వాడు నవ్వాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. వాడికి చెప్పంది కూడా కొంత ఉంది, అది ఇక్కడ రాస్తున్నా.

అది అంబాసిడర్ వెనక సీటు.

ఈ కాలం పిల్లలకి అంబాసిడర్ అంటే పాత సినిమాల్లో మినిస్టరు దిగే తెల్ల కారు. దాని పుట్టుక మన దేశంలో కాదు. ఇంగ్లాండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాని నమూనా, యంత్రాలు తీసుకుని బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1957-58 ప్రాంతంలో మొదలుపెట్టారు. అక్కడి నుంచి 2014 దాకా, అంటే యాభై ఆరేళ్ళ పైచిలుకు, అదే ఆకారం. ముందు జాలీ మార్చారు, లైట్లు మార్చారు, మార్క్ టూ, మార్క్ త్రీ, నోవా అని పేర్లు మార్చారు. గుండ్రటి వీపు మాత్రం అదే. ఇంగ్లాండు వాళ్ళు ఎప్పుడో మర్చిపోయిన కారుని మనం మూడు తరాలు నడిపాం.

ఎందుకలా అంటే, మనకి వేరే కారు దొరకలేదు కాబట్టి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విదేశీ కంపెనీలు విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవి. ఇక్కడే తయారు చేస్తేనే ఉండండి అని ప్రభుత్వం అనేసరికి, ఫోర్డు, జనరల్ మోటార్స్ లాంటి పెద్దవాళ్ళు 1950ల్లో మూట ముల్లె సర్దుకున్నారు. మిగిలినవి ప్రధానంగా మూడే. కలకత్తా అంబాసిడర్, బొంబాయి ఫియట్ (తర్వాత అదే పద్మిని అయింది), మద్రాసు స్టాండర్డు. ఏడాదికి ఎన్ని కార్లు తయారు చెయ్యాలో కూడా లైసెన్సులోనే ఉండేది. డబ్బున్నవాడు కూడా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరసలో ఉండాల్సిందే. ఇక మాలాంటి వాళ్ళ మాట చెప్పేదేముంది. కారు కొనటం అనే ఆలోచనే మా ఇళ్ళల్లో పుట్టేది కాదు.

నా చిన్నప్పుడు మా ఊరికి అంబాసిడర్ వచ్చిందంటే మూడే కారణాలు. ఎలక్షన్లు, కరువు చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు, లేదా పెద్దింటి పెళ్ళి. బండి ఆగగానే మేం పిల్లలం చుట్టూ మూగి, దుమ్ము పట్టిన డిక్కీ మీద వేలితో పేర్లు రాసేవాళ్ళం. డ్రైవరు అదిలించేవాడు. అంతే మాకూ కారుకీ ఉన్న సంబంధం.

మాది పల్నాడు. నల్లరేగడి నేల. మా ఊరి నుంచి తారు రోడ్డుకి 6 కిలోమీటర్లు మట్టి బాట, అక్కడి నుంచి ఆసుపత్రి ఉన్న టౌనుకి ఇంకో 16. పగలు రెండుసార్లు బస్సు వచ్చేది, వానపడితే అదీ తారు రోడ్డు మీదే ఆగిపోయేది. చీకటి పడ్డాక ఎవరికైనా ప్రాణం మీదకి వస్తే ఎద్దుల బండే దిక్కు.

1981లో మా అక్క తొలి కానుపుకి పుట్టింట్లో ఉంది. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, నా వల్ల కాదు, తీసుకుపొండి అంది. నాన్న బండి కట్టాడు. బండిలో వరిగడ్డి, దాని మీద బొంత, బొంత మీద అక్క. ముందు లాంతరు పట్టుకుని నడిచింది నేనే. నాకప్పుడు పదకొండేళ్ళు. ఎద్దులు ఎంత అదిలించినా గంటకి మూడు నాలుగు కిలోమీటర్లకి మించి పోవు. 22 కిలోమీటర్లు ఎప్పటికి పోవాలో మీరే లెక్కేసుకోండి. తారు రోడ్డు ఎక్కకముందే, చింతచెట్టు కింద, బండిలోనే పుట్టాడు మా మేనల్లుడు. దేవుడి దయ, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. వాడి అసలు పేరు వేరే ఉన్నా, ఈ రోజుకీ ఊళ్ళో బండోడు అనే పిలుస్తారు. వాడికిప్పుడు పిల్లలున్నారు. అందరం నవ్వుకుంటాం గానీ, ఆ రాత్రి చెట్టు కింద మా అమ్మ ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోంచి పోలేదు.

ఇంటర్ అయ్యాక చదువు ఆపేసి సేద్యంలోకి వచ్చా. 1996లో మిర్చి కాస్త కలిసొచ్చింది. అప్పటికే ఊళ్ళో దుక్కులకి కిరాయి ట్రాక్టర్లు వచ్చేశాయి. మా ఎడ్ల జత ఎక్కువ రోజులు కొట్టంలోనే ఉండేది. టౌనులో ఒక డాక్టరు గారు పాత అంబాసిడర్ అమ్ముతున్నారని మా బావ కబురు తెచ్చాడు. 1985 మోడల్, డీజిల్ బండి. 58 వేలు. బావది మా ఊరే, ఆయన సగం పెడతానన్నాడు. నా సగానికి మిర్చి డబ్బులు చాలక ఎడ్లు అమ్మాల్సి వచ్చింది.

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "ఎడ్లు అమ్ముకుని కారెక్కిన రైతు బాగుపడినట్టు ఎక్కడైనా విన్నావా?" అంది. నాన్న మాత్రం ఏం అనలేదు. బండి ఇంటి ముందు ఆగిన రోజు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎద్దుకి సుడి చూసినట్టు చూశాడు. బానెట్టు మీద చెయ్యేసి తట్టాడు. "పళ్ళెన్నిరా?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నాలుగు గేర్లు నాన్నా అన్నాను. "నాలుగు పళ్ళ గిత్తా! పర్లేదు, పనిలో పెట్టుకోవచ్చు" అన్నాడు. ఆ మాటకి అమ్మ కూడా నవ్వింది. అలా మా ఇంట్లోకి కారు వచ్చింది.

ఆ బండి గురించి ఎంత చెప్పినా తక్కువే. గేరు రాడ్డు కింద కాదు, స్టీరింగు పక్కనే ఉండేది. అందుకని ముందు సీటు అడ్డంగా ఒకటే బల్లలాగా ఉండి, డ్రైవరు కాక ఇద్దరు కూర్చునేవాళ్ళు. మా ఊరి లెక్కలో అయితే ముగ్గురు. లైటు డిప్పరు కొట్టే మీట చేతికి కాదు, ఎడమ కాలి కింద ఉండేది. చలికాలం పొద్దున్నే తాళం తిప్పి హీటరు ఎర్రబడేదాకా ఆగి అప్పుడు స్టార్టు చెయ్యాలి. ఆ ఆగే టైములో మా ఆవిడ లోపలి నుంచి కాఫీ తెచ్చి ఇచ్చేది. 1489 సీసీ ఇంజను, 37 గుర్రాల బలం. ఇప్పటి చిన్న కార్లకి కూడా అంతకి ఎక్కువే ఉంటుంది. అరవై దాటితే బండి మొత్తం ఒణికేది. అయినా మాకు తొందరేముంది?

మన దేశంలో తయారైన కార్లలో డీజిలు ఇంజను మొదట వచ్చింది అంబాసిడర్‌కే, 1980 ప్రాంతంలో. అది రైతుకి ఎంత కలిసొచ్చిందో పుస్తకాల్లో రాయరు. మాకు డీజిలు ఇంజను కొత్త కాదు. బావుల మీద ఆయిల్ ఇంజన్లతో నీళ్ళు తోడిన చేతులు మావి. నాజిలు ఎలా కొడుతుందో, పైపులో గాలి పడితే ఎలా తియ్యాలో నిద్రలో లేపినా చెప్తాం. కారు దారిలో ఆగిపోయిందనుకోండి, బానెట్టు ఎత్తి, నట్టు వదులు చేసి, చేతి పంపు కొడితే గాలి బుడగలు పోయి డీజిలు వచ్చేది. నట్టు బిగిస్తే బండి బయల్దేరేది. మా నాన్న ఒక్క రోజు కూడా స్టీరింగు పట్టలేదు, గానీ శబ్దం విని "రెండో నాజిలు సరిగా కొట్టట్లేదురా" అని మంచం మీద నుంచే చెప్పేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

వెనక కమాన్ కట్టలు ఉండేవి, లారీకి ఉన్నట్టు. నల్లరేగడి గుంతల్లో, ఎండాకాలం చక్రాల జాడల్లో ఊగుకుంటూ వచ్చేది గానీ విరిగేది కాదు. వానాకాలం మాత్రం దిగబడేది. దిగబడితే ఎడ్లు కట్టి లాగాలి. ఎడ్లు అమ్మి కొన్న కారుని పక్కింటి ఎడ్లతో లాగించినప్పుడు అమ్మ అరుగు మీద నుంచి నా వైపు ఒక చూపు చూసేది. నోటితో ఒక్క మాట అనేది కాదు.

ఆ కారులో ఎంతమంది పెళ్ళికొడుకులు ఊరేగారో లెక్క లేదు. బంతిపూల దండలు బానెట్టుకి కట్టేవాళ్ళం. కోటప్పకొండ తిరనాళ్ళకి పదకొండు మందిమి పోయాం ఒకసారి. పంతులు గారు ఒకాయన రిటైరైతే స్కూలు నుంచి ఇంటిదాకా, నడిస్తే అయిదు నిమిషాల దూరం, కారులోనే దించాం. అదే ఆయన మొదటిసారి కారెక్కటం. దిగాక డోరు వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు.

సొంత బండి నంబరుతో కిరాయికి తిప్పటం రూలు ప్రకారం తప్పే. ఒప్పుకుంటాను. అప్పట్లో ఊళ్ళల్లో అందరూ అలాగే చేసేవాళ్ళు. పగలు పెళ్ళిళ్ళు, టౌను పనులు. రాత్రిళ్ళు ఆసుపత్రి. కొన్నది పెళ్ళిళ్ళ కోసమే అయినా, ఊరికి అది పనికొచ్చింది రాత్రుళ్ళే. కానుపులు, పాము కాట్లు, గుండె నొప్పులు. వానాకాలం వస్తే కట్లపాము భయం. ఎక్కువగా నేల మీద పడుకున్న వాళ్ళనే కరుస్తుంది, కరిచినట్టు కూడా సరిగా తెలియదు. ఎద్దుల బండి మీద ఆరు గంటలు పట్టే దారి కారులో ముప్పావు గంటకి వచ్చింది. ఆ తేడాలో ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో నేను రాసిపెట్టుకోలేదు, కానీ ఇప్పటికీ కొన్ని ఇళ్ళకి పోతే మంచినీళ్ళ బదులు మజ్జిగ ఇస్తారు.

ఇక చెప్పటానికి కష్టమైన సంగతి.

1997-98 పత్తి రైతు మర్చిపోలేని ఏడాది. అదునుగాని వానలు, పచ్చపురుగు, లద్దెపురుగు. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. వరంగల్లులో, మా గుంటూరు జిల్లాలో, ఇంకా చాలా చోట్ల ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు చావని మందు తాగి మనుషులు చచ్చిపోయారు. ఆ ఏడాది మా కారులో అలాంటి వాళ్ళని ఇద్దర్ని తీసుకెళ్ళాం. ఒకరు బతికారు. మందు వాసన సీటుకి పట్టి చాన్నాళ్ళు పోలేదు.

నా పత్తి కూడా పోయింది. అప్పులు. బంకులో డీజిలు బాకీ. కిరాయిలు రాసి పెట్టిన నోటుబుక్కులో రావాల్సినవి పేజీలకి పేజీలు. బావ రోజూ లెక్క అడిగేవాడు. ఆయనా సగం పెట్టాడు కదా.

1998 వానాకాలంలో ఒక రాత్రి ఒంటిగంటకి తలుపు కొట్టారు. మా వీధి చివర ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్ముడూ అంటాడు. ఆయన భార్యకి సాయంత్రం నుంచి ఆయాసం, ఇప్పుడు మాట పడిపోయిందని చెప్పాడు. నేను తాళం చేతిలోకి తీసుకుని అన్న మాట ఏమిటో తెలుసా? "డీజిలుకి డబ్బులున్నాయా అన్నా?"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. లేవు, తెస్తానుండు అని వెనక్కి తిరిగాడు. ఆ వానలో మూడిళ్ళు తిరిగి 300 తెచ్చాడు. అరగంట పట్టింది. ఆ అరగంట నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ట్యాంకులో టౌనుకి పోయేంత డీజిలు ఉంది. రావటానికే చాలదు.

ఆమెని ఆసుపత్రిలో చేర్చాం. తెల్లవారుజామున పోయింది. ఆ అరగంట ముందు చేరిస్తే బతికేదా అని నేను డాక్టరుని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనైతే మిర్చి అమ్మాక వచ్చి మిగతా కిరాయి చేతిలో పెట్టి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత వారం నేను కారు తాళం అరుగు స్తంభానికి మేకు కొట్టి తగిలించాను. రాత్రిపూట ఆసుపత్రికైతే డబ్బు మాట ఎత్తేది లేదని ఇంట్లో చెప్పాను. నేను ఊళ్ళో లేకపోయినా నడపటం వచ్చినవాడు ఎవరైనా తీసుకుపోవచ్చు. బావకి ఇది నచ్చలేదు. "ధర్మసత్రం పెట్టావా బావమరిదీ?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. రెండేళ్ళు కిందామీదా పడి ఆయన సగం డబ్బు నేనే కట్టేశాను. అక్కడి నుంచి బండి పూర్తిగా నాదైంది, నష్టం కూడా.

ఈలోగా లోకం మారిపోయింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి మారుతి 800 తాళం అందించారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, జపాను సుజుకి ఇంజను. సుమారు 47 వేల ధర. అంబాసిడర్ పక్కన పెడితే బొమ్మలాగా ఉండేది. అది మా వైపు పల్లెలకి రావటానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. 1990ల చివరికి సుమోలు, ఆ తర్వాత ఇండికాలు. ఫైనాన్సు వాళ్ళు ఇంటికొచ్చి అప్పు ఇచ్చే రోజులు. మా ఊళ్ళోనే ఒకటి, రెండు, ఏడు, పన్నెండు కార్లయ్యాయి. మట్టి బాట తారు రోడ్డయింది.

2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది. మెల్లగా పల్లెలకీ వచ్చింది. మా ఊరికి మొదటిసారి ఆ బండి వచ్చిన రాత్రి నేనూ వెళ్ళి చూశాను. లోపల మంచం, ఆక్సిజను, పక్కన కూర్చుని చూసే మనిషి. డబ్బులడగలేదు. ఎవరి కులం ఏమిటని అడగలేదు. తలుపు మూసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి స్తంభానికున్న తాళం వైపు చూశాను. బరువు దిగినట్టుంది. కొంచెం బాధగానూ ఉంది, అబద్ధమెందుకు. తొమ్మిదేళ్ళు రాత్రుళ్ళు నా తలుపే కొట్టారు కదా.

ఈ మధ్య కొందరు పాత రోజులే బాగుండేవి, మనుషులు ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్ళు అని రాస్తుంటారు. నిజమే, సాయం ఉండేది. కానీ ఒకరి ప్రాణం ఇంకొకరి మంచితనం మీద ఆధారపడటం మంచి రోజు కాదండీ. ఆ మంచితనం ఒక రాత్రి లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కారు మీద ప్రేమ వేరు, ఆ ఏర్పాటు వేరు.

2008లో బాడీ అంతా తుప్పు పట్టి అడుగున రోడ్డు కనపడేదాకా వచ్చింది. టౌనులో పాత ఇనుము కొనేవాళ్ళకి తూకానికి ఇచ్చేశాను. నాన్న అప్పటికి లేడు. ఉంటే కబేళాకి అమ్మావా అనేవాడు. వెనక సీటు మాత్రం విప్పి ఉంచుకున్నాను. ఆ తర్వాత 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివాను. మారుతి 800 తయారీ ఆగిందీ ఆ ఏడే. మన రాష్ట్రం రెండైందీ ఆ ఏడే. ఆ వార్త కత్తిరించి ఉంచుదామనుకుని మర్చిపోయాను.

ఆ వీధి చివర ఆయన పొలం మా పొలం పక్కనే. ఇప్పుడాయనకి అరవై దాటి చాలా ఏళ్ళయింది. మోటారుకి కరెంటు వచ్చేదాకా మా పాకలోనే, ఆ సీటు మీదే కూర్చుంటాడు. ఆయన భార్యని పడుకోబెట్టింది ఆ సీటు మీదే. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్ళలో ఆ రాత్రి మాట ఇద్దరం ఎత్తలేదు. నిన్న కూడా చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, నేను రాగానే కొంచెం పక్కకి జరిగి, "కూర్చో తమ్ముడూ, కరెంటు ఇంకా రాలా" అన్నాడు. కూర్చున్నాను.

మీ ఊళ్ళో మొదటి కారు ఎవరిది, అది ఎవరెవరిని మోసిందో రాయండి. అన్నీ చదువుతాను.